రాకడ దగ్గర పడిందంటున్నారు, ఇంటి లోను తీసుకోవచ్చా?

వందనాలు సిస్టర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 29 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం, ఒక ఫ్లాటు చూసుకుని అడ్వాన్సు కూడా ఇచ్చారు. ఇజ్రాయెల్‌లో యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అమ్మగారు పొద్దస్తమానం ఫోన్లో రాకడ, అంటే క్రీస్తు మళ్లీ రావడం గురించిన వీడియోలు చూస్తున్నారు, "రేపో మాపో ప్రభువు దగ్గరికి ఎత్తబడతాం, ఇరవై ఏళ్ల లోను ఎందుకే" అంటున్నారు. మీకేమో ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ కనబడకపోతే, అందరూ ఎత్తబడిపోయి నేనొక్కదాన్నే మిగిలిపోయానా అని గుండె దడ. నిజంగానే ఇవి అంత్యదినాలా, అయితే ఇప్పుడెలా బతకాలి అని అడిగారు.

లోను తీసుకోండి. మీ జీతానికి భారం కాకపోతే నిశ్చింతగా తీసుకోండి. ప్రభువు మళ్లీ వస్తాడని నేను నమ్ముతాను, ముప్పై ఏళ్లుగా కాపరిగా అదే చెబుతున్నాను, బల్ల దగ్గర రొట్టె విరిచిన ప్రతిసారీ "ఆయన వచ్చు వరకు" అని చదివే విరుస్తాను. ఎప్పుడొస్తాడో మాత్రం నాకు తెలియదు, అమ్మగారు చూసే వీడియోలో చేతులూపుతూ మాట్లాడే బ్రదర్‌కీ తెలియదు. మత్తయి 24:36 ప్రకారం పరలోకంలో దూతలకే తెలియదు. ఆ వచనం ఒప్పుకున్నవాళ్లు కూడా "రోజు తెలియదు కానీ సంవత్సరం తెలుసు" అని సందు వెతుక్కుంటారు, అక్కడే తేడా కొడుతుంది.

ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, నేను పుట్టి పెరిగింది దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా ఊరు సముద్రానికి కాస్త దూరం కాబట్టి బతికాం. ఆ శనివారం రాత్రి బడి మేడ మీద గుమిగూడి ఉన్నాం, గాలి హోరుకి పక్కనున్న మనిషి మాట వినబడటం లేదు, మా నాయనమ్మ నా చెవిలో నోరు పెట్టి "ప్రభువు వచ్చేస్తున్నాడురా, పాపాలు ఒప్పుకో" అని అరిచింది. నేను పక్కింటి జామకాయల దొంగతనం ఒప్పుకున్నాను. తెల్లారేసరికి ఎటు చూసినా నీళ్లు, తలలు విరిగిన కొబ్బరి చెట్లు, ఉబ్బిపోయిన గొడ్లు. సీమ మొత్తం మీద పదివేలకు పైగా మనుషులు పోయారు. ఆదివారం కదా, కొందరు పెద్దలు మా అయ్యగారి (పాస్టరు) దగ్గరికి వెళ్లి ఇది అంతమేనా అని అడిగారు. ఆయన లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని, ప్రేమ విందులకు వాడే పెద్ద గుండిగ బురదలోంచి లాగుతున్నాడు. "ఏమో అబ్బాయ్, ముందు ఆ కొసన పట్టు" అన్నాడు. ఎవరింట్లోనో అటక మీద తడవకుండా మిగిలిన బియ్యం తెచ్చి గంజి కాచారు. ఏ కులం, ఏ మతం అని అడగకుండా వచ్చినవాళ్లందరికీ పోశారు. మర్నాటి నుంచి శవాలు మోయడానికి వెళ్లాడాయన.

చాలా ఏళ్ల తర్వాత ఇంకో సంగతి తెలిసింది. సరిగ్గా అదే నవంబరు 19 సాయంత్రం ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సదాత్ శాంతి మాట్లాడటానికి ఇజ్రాయెల్‌లో విమానం దిగాడు. అప్పుడు యూట్యూబ్ లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే "ఒకే రోజు యెరూషలేములో, దివిసీమలో సూచనలు!" అని ఎర్ర బాణం గుర్తులతో ఎన్ని వీడియోలు వచ్చేవో.

ఇక తేదీల సంగతి. ఇది కొత్త జబ్బు కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బైబిల్లో దానియేలు 8:14లో ఉన్న 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి, క్రీ.పూ. 457 నుంచి మొదలుపెట్టి, 1843-44లో రాకడ అన్నాడు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 అని తేదీ ఖాయం చేసుకున్నారు. కొందరు పొలంలో పంట కూడా కోయలేదు, కోస్తే విశ్వాసం లేనట్టని. తెల్లారింది, పంట అలాగే ఉంది. దక్షిణ కొరియాలో ఒక బోధకుడు 1992 అక్టోబరు 28 అన్నాడు, జనం ఉద్యోగాలు మానేసి ఆస్తులు అప్పగించారు. పోలీసులు చూస్తే ఆయన పేరు మీద ఆ మరుసటి ఏడాది చేతికొచ్చే బాండ్లు దొరికాయి! ఈ ఒక్క ముక్క అమ్మగారికి చెప్పండి, నవ్వుతారు. తర్వాత అమెరికాలో రేడియో బోధకుడు హెరాల్డ్ కాంపింగ్ 2011 మే 21 అన్నాడు, జరగలేదు, అక్టోబరు 21కి మార్చాడు, అదీ జరగలేదు. న్యూయార్కులో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఆ తేదీని ప్రచారం చేయడానికి తను దాచుకున్న లక్షా నలభై వేల డాలర్లు ప్రకటనలకు పోశాడు. కాంపింగ్ మరుసటి ఏడాది తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నాడు, దానికి ఆయన్ని మెచ్చుకోవాలి, చాలామంది ఆ మాత్రం కూడా ఒప్పుకోరు.

ఊళ్లోవాళ్ల తప్పులే చెప్పడం ఎందుకు, నా తప్పు కూడా చెబుతాను. 1999 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నేనే ప్రసంగం. అప్పటికి సేవలోకి వచ్చి నాలుగేళ్లు, నోరు తిరిగితే చాలు ఏదైనా చెప్పే వయసు. కంప్యూటర్లన్నీ అర్ధరాత్రి ఆగిపోతాయి, బ్యాంకులు కూలిపోతాయి, అంత్యదినాల్లో వచ్చే క్రీస్తు విరోధికి దారి సిద్ధమవుతోంది అని ఆ నెలంతా భయపెట్టాను. మా సంఘంలో ఇంటర్ చదివే కుర్రాడు ఆ మాటలు నమ్మి పరీక్ష ఫీజు కట్టలేదు. ఇంట్లో ఇచ్చిన డబ్బు కానుకల పెట్టెలో వేశాడు. జనవరి ఒకటి మామూలుగానే వచ్చింది, కరెంటు కూడా పోలేదు. వాడికి మాత్రం ఒక సంవత్సరం పోయింది. వాళ్ల నాన్న నన్ను ఏమీ అనలేదు, మందిరం గుమ్మంలో నిలబడి కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఏ వార్తనూ పట్టుకుని ఇదే ఆ సూచన అని చెప్పలేదు.

మరి సూచనలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ మత్తయి 24లో యుద్ధాల గురించి చెప్పిన చోటే, కలవరపడకండి, అంతం వెంటనే రాదు అని కూడా ఉంది (6వ వచనం). కరువులు, భూకంపాలు వేదనలకు ప్రారంభం మాత్రమే (8). వీడియోల్లో మొదటి సగం చదివి రెండో సగం మింగేస్తారు. పైగా ఆ అధ్యాయం మొదలయ్యేది యెరూషలేము దేవాలయం గురించిన ప్రశ్నతో, ఆ దేవాలయాన్ని క్రీ.శ. 70లో రోమా సైన్యం నేలమట్టం చేసింది. అందులో ఎంత అప్పుడే జరిగింది, ఎంత ఇంకా జరగాలి అన్నదాని మీద పండితులే ఏకం కాలేదు. 1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది, తరం అంటే 40 ఏళ్లు, కాబట్టి 1988 అని లెక్కగట్టినవాళ్లు బోలెడుమంది. 1988 దాటాక తరం అంటే 70 అన్నారు, తర్వాత 80 అన్నారు. తరం అలా సాగుతూనే ఉంది.

ఎత్తబడటం గురించి ఒక మాట. మీరు పెరిగిన సంఘంలో ముందు సంఘం ఎత్తబడుతుంది, తర్వాత ఏడేళ్ల మహాశ్రమలు, తర్వాత వెయ్యేళ్ల పరిపాలన అని చార్టు గీసి నేర్పించి ఉంటారు. నాకూ అలాగే నేర్పారు. క్రైస్తవులంతా మొదటి నుంచీ ఇదే నమ్మారనుకునేవాణ్ణి. ఈ క్రమాన్ని ఇలా పేర్చి ప్రచారంలోకి తెచ్చింది 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ. ఆయన ఉన్న బ్రెదరన్ సహవాసం నుంచే 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు మన గోదావరి డెల్టాకు వచ్చారు, కాబట్టి ఆ వాసన మనకు బాగా పాతదే. అదే గుంటూరు వైపు లూథరన్ సంఘంలో పుట్టి ఉంటే మీరు ఈ చార్టు చూసి ఉండేవారే కాదు, వాళ్లు వెయ్యేళ్లను అలా లెక్కపెట్టరు. వాళ్లూ విశ్వాసులే, ఆదివారం లేచి "అక్కడనుండి వచ్చును" అని విశ్వాస ప్రమాణం చెప్పేవాళ్లే. శ్రమలకు ముందా, తర్వాతా అన్నదాని మీద నాకు ఇప్పుడు పంతం లేదు. క్రీస్తు వస్తాడు, చనిపోయినవారు లేస్తారు, తీర్పు ఉంది, చివరికి కన్నీళ్లు ఉండవు, ఈ నాలుగూ అందరూ ఒప్పుకునేవే, నాకు అవి చాలు.

ప్రకటన గ్రంథంలో మృగం అంకెగా చెప్పిన 666 గురించి మీరు అడగలేదు, కానీ అమ్మగారి ఫోన్లో అదీ ఉండే ఉంటుంది. ఆధార్ కొత్తగా వచ్చినప్పుడు మా సంఘంలో ఒక పెద్దావిడ, భర్త లేడు, కూలి పని, ఎవరో బయటి ప్రసంగీకుడు అది మృగం ముద్ర అన్నాడని కార్డు తీసుకోనంది. రెండేళ్లకు పింఛను ఆగింది. చివరికి నేనే వెంటబెట్టుకుని మీసేవకు తీసుకెళ్లాను. నాట్లు వేసీ కలుపు తీసీ వేలి గీతలు అరిగిపోయాయి, మిషను తీసుకోవట్లేదు, ఆ అబ్బాయి తడి గుడ్డతో ఒక్కో వేలూ తుడిచి మళ్లీ మళ్లీ పెట్టిస్తున్నాడు. కళ్ల ఫొటో దగ్గర ఇంకో తంటా, ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది, వాడేమో "మామ్మా, కళ్లు తెరువు" అంటాడు. నాలుగోసారికి తెరిచింది. ఇప్పుడు నెలనెలా పింఛను వస్తోంది, మొన్నటిదాకా దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) కూడా అందులోంచే తెచ్చేది.

ప్రకటన 13 చదవండి, ముద్ర అనేది ఆరాధనకు సంబంధించింది, ఎవరికి మొక్కుతున్నావు అన్న ప్రశ్న. ఆ వెంటనే 14:1లో విశ్వాసుల నొసళ్ల మీద తండ్రి పేరు ఉంటుంది, అది చిప్ అని ఎవరూ అనరు కదా. తెలియకుండా వేలిముద్ర వేయించుకుంటే ఆత్మ పోవడం అన్న మాట అక్కడ లేదు. ఆ అంకె గురించి చాలామంది పండితులు చెప్పేదేమంటే, హెబ్రీలో అక్షరాలే అంకెలు, క్రైస్తవుల్ని హింసించిన రోమా చక్రవర్తి పేరు "నీరో కైసరు" అని రాసి కూడితే 666 వస్తుంది, కొన్ని పాత ప్రతుల్లో 616 అని కూడా ఉంది, ఆ పేరునే లాటిన్ ఉచ్చారణ ప్రకారం రాస్తే అదీ సరిపోతుంది. ఆ గ్రంథం చదివే ఆసియా (అప్పటి రోమా రాష్ట్రం, ఇప్పటి టర్కీలో) సంఘాలకు అది తమ నెత్తిమీదున్న కష్టమే. 2021లో కోవిడ్ టీకా కూడా ముద్రే అని ప్రచారం చేశారు, దాని ఫలితంగా నేను చేయాల్సొచ్చిన భూస్థాపనల గురించి ఇక్కడ రాయను.

ఇప్పుడు మీ భయం. ఖాళీ ఇల్లు చూసి గుండె దడ రావడం మీ ఒక్కరికే కాదు, మన సంఘాల్లో పెరిగిన పిల్లల్లో చాలామందికి ఉంటుంది. నా కూతురు చిన్నప్పుడు నిద్ర లేచి ఎవరూ కనిపించకపోతే ముందు పక్కింటి పాస్టరమ్మ ఉందో లేదో చూసొచ్చేదట, ఆవిడుంటే రాకడ రానట్టే లెక్క! వాళ్లమ్మ చాలా ఏళ్ల తర్వాత చెబితే తెలిసింది, నా పేరు ఆ లెక్కలో ఎందుకు లేదో ఇప్పటికీ అడగలేదు. పిల్లల్ని సండే స్కూల్లో ఇలా భయపెట్టి మనం చేసిన పాపం ఇది. ఎత్తబడటం గురించి అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక ఊరి సంఘానికి రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం అసలు ఎవరికోసం? అయినవాళ్లు చనిపోయి, వాళ్లు ప్రభువు రాకడ చూడలేకపోయారే అని ఏడ్చే కుటుంబాల కోసం. చివర్లో, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అని ముగించాడు. ఆదరించడానికి రాసింది మనకు భయం పుట్టిస్తోందంటే చెప్పేవాడు ఎక్కడో దారి తప్పాడు. అయినా దడ తగ్గక, నిద్ర పట్టక వారాల తరబడి ఉంటే డాక్టరుకి చూపించుకోండి. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ వెళ్లండి, అది అవిశ్వాసం కాదు.

ఎలా బతకాలి అంటే, ఈ ప్రశ్నకు జవాబు ఆ థెస్సలొనీక సంఘంలోనే ఉంది. వాళ్లలో కొందరు రాకడ వచ్చేసిందని పని మానేసి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. పౌలు పేరుతో ఎవరో పంపినట్టున్న ఉత్తరం కూడా చేతులు మారి ఉండొచ్చని 2 థెస్సలొనీక 2:2 చదివితే అనిపిస్తుంది, అంటే ఫేక్ ఫార్వర్డులు అప్పుడే ఉన్నాయన్నమాట. పౌలు వాళ్లకు చెప్పిందేమిటి? కలవరపడొద్దు, నెమ్మదిగా ఉండండి, మీ చేతులతో పని చేసుకోండి, పని చేయనొల్లనివాడు తినకూడదు. ఉపవాసం ఉండి కొండెక్కమని చెప్పలేదు.

దివిటీలతో పెండ్లికుమారుడి కోసం ఎదురుచూసిన పదిమంది కన్యల గురించి యేసు చెప్పిన కథ కూడా మనం సగమే చెబుతాం. మెలకువగా ఉన్నవాళ్లు లోపలికి వెళ్లారు, పడుకున్నవాళ్లు బయట మిగిలారు అని. మత్తయి 25:5 చూడండి, పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తే పదిమందీ కునికి నిద్రపోయారు! బుద్ధిగలవాళ్లు కూడా. తేడా దివిటీల నూనె దగ్గర వచ్చింది, బుద్ధిగలవాళ్లు సరిపడా తెచ్చుకున్నారు. కాబట్టి రాత్రంతా వీడియోలు చూస్తూ మేలుకోనక్కర్లేదు, హాయిగా పడుకోవచ్చు. నూనె అంటే ఏమిటో అదే అధ్యాయం చివర ఉంది: ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, జబ్బుపడ్డవాణ్ణి చూశావా. మన ఒంగోలు ప్రాంతంలో 1876-78 ధాత కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చే జనానికి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలోకి వస్తారేమోనని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ కరువు చూసినవాడికి లోకం ముగుస్తోందనిపించడంలో వింతేముంది, ఆయన మాత్రం గునపాలు, తట్టలు తెప్పించాడు.

లోను విషయంలో నాకు గుర్తొచ్చేది యిర్మీయా ప్రవక్త గ్రంథం 32వ అధ్యాయం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం దిగింది, ఊరు పడిపోతుందని ఆయనే ప్రవచించాడు, ఆ మాట అన్నందుకే చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. అప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనుక్కోమంటాడు. శత్రువు చేతికి పోబోయే పొలం! యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, క్రయపత్రం రాయించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచిన పత్రం ఒకటి రెండూ మట్టికుండలో భద్రం చేయమని తన లేఖకుడు బారూకుకిచ్చాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారు అని దేవుడు చెప్పాడు కాబట్టి. అమ్మగారికి ఈ అధ్యాయం చదివి వినిపించండి.

ఒక హెచ్చరిక మాత్రం. రాకడ దగ్గర పడింది కాబట్టి మీ నగలు, పొలం, పీఎఫ్ డబ్బు మా పరిచర్యకు పంపండి అని ఎవరైనా అంటే, అది అంత్యదినాల సూచన కాదు, మామూలు మోసం. అమ్మగారి ఫోన్లో ఫోన్‌పే ఎవరెవరికి వెళ్తోందో ఒకసారి చూడండి, తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి.

ఆవిడతో వాదించొద్దు. మీరు పొద్దున తొమ్మిదింటికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వస్తారని రాశారు, ఆవిడ ఊరొదిలి వచ్చి అపార్టుమెంటులో రోజంతా ఒక్కరే ఉంటున్నారు, ఆ గొంతులే తోడు అయ్యుంటాయి. ఆదివారం మధ్యాహ్నం ఫోన్లు పక్కన పెట్టి థెస్సలొనీక పత్రికలు రెండూ ఇద్దరూ పైకి చదవండి, మొత్తం ఎనిమిది అధ్యాయాలే, అరగంట చాలు. దగ్గర్లో మంచి సంఘం ఉంటే వారంలో ఒకరోజు స్త్రీల కూడికకు తీసుకెళ్లండి, తోటి మనుషులతో కూర్చుంటే వీడియోలు వాటంతటవే తగ్గుతాయి, మా దగ్గర చాలామంది విషయంలో చూశాను.

ఫ్లాటు గురించి, ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. సంతకం పెట్టే ముందు లింకు డాక్యుమెంట్లు (పాత క్రయపత్రాలు), ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం) తీయించి లాయరుకి చూపించండి. యిర్మీయా అంతటివాడే సాక్షుల్ని పెట్టుకున్నాడు. గృహప్రవేశ ప్రార్థనకు ఎవరూ దొరక్కపోతే ఇక్కడే చెప్పండి, అవనిగడ్డ నుంచి బస్సెక్కుతాను.